వాపు ఎక్కడ లేదో చెప్పాకే.. ఎక్కడుందో చెప్పాడు!

1844. రుడాల్ఫ్‌ విర్కో బెర్లిన్‌లోని ఛారిటే ఆసుపత్రిలో శవపరీక్షల పనికి చేరాడు. బాస్‌ ఇచ్చిన టాస్క్‌: సిరల్లో వాపు. అప్పట్లో ఫ్రెంచి వైద్యుడు క్రూవెయే మాటే వేదం. సిర గోడ వాచాకే రక్తం గడ్డకడుతుందని ఆయన సిద్ధాంతం. విర్కో కోసి చూస్తే చాలాచోట్ల గడ్డే ముందు, వాపు తర్వాత! పైగా గడ్డలోంచి ముక్క తెగి, రక్తంతో కొట్టుకుపోయి, ఎక్కడో ఇరుక్కుంటోంది. ఊరికే చెబితే ఎవరు నమ్ముతారు? కుక్కల సిరల్లోకి గడ్డలు, రబ్బరు ముక్కలు పంపి, అవి ఊపిరితిత్తుల్లో తేలడం చూపించాడు. స్ట్రోక్‌ రిపోర్టుల్లో ఇప్పటికీ కనిపించే థ్రాంబోసిస్‌, ఎంబాలిజం ఆయన వాడుకలోకి తెచ్చిన మాటలే.

ఆయన వ్యాసాన్ని ఓ పత్రిక తిప్పి పంపింది. 1847లో మిత్రుడు రైన్‌హార్ట్‌తో కలిసి సొంత పత్రికే పెట్టేశాడు. ఇవాళ్టి బ్లాగ్‌ లాంటిదనుకోండి. కాకపోతే అది ఇప్పటికీ వస్తోంది! రాజకీయాల్లో వేలు పెట్టి 1849లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. వుర్జ్‌బర్గ్‌ వెళ్లాడు. 1856లో బెర్లినే మళ్లీ పిలిచింది.

అసలు ట్విస్ట్‌ ధమనుల దగ్గర. కొవ్వు పేరుకున్న ధమనుల్ని చూసి, రక్తంలోంచి వచ్చింది గోడకు పూతలా అంటుకుందన్నాడు వియన్నాలోని రోకిటాన్‌స్కీ. కాదు, జబ్బు గోడ లోపలే పుడుతోంది, ఇది ఇన్‌ఫ్లమేషనే అన్నాడు విర్కో. వాపు సిద్ధాంతాన్ని కూల్చి పేరు తెచ్చుకున్నవాడు మళ్లీ వాపు పేరెత్తాలంటే దమ్ముండాలి. ఆ మాట చాలాకాలం పక్కనే పడి ఉంది. పైపులో మడ్డిలా కొలెస్ట్రాల్‌ పేరుకునే బొమ్మే అందరికీ నచ్చింది. 2017లో వచ్చిన కాంటోస్‌ ట్రయల్‌లో గుండెపోటు వచ్చిన పదివేల మందిపై ఇన్‌ఫ్లమేషన్‌ తగ్గించే మందును పరీక్షించారు. చెడు కొలెస్ట్రాల్‌ తగ్గకుండానే గుండెపోట్లు తగ్గాయి. స్ట్రోక్‌లు మాత్రం తగ్గలేదు, ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. రోగనిరోధక వ్యవస్థ మీద చెయ్యేస్తే లెక్క అంత తేలిగ్గా తేలదు.

మెదడులో నరాల కణాల మధ్య ఉండే పదార్థానికి న్యూరోగ్లియా, అంటే నరాల జిగురు అని పేరు పెట్టిందీ విర్కోనే. నిజానికి ఆ జిగురులో కాపలాదారులున్నారు. స్ట్రోక్‌ వచ్చిన కాసేపటికే మైక్రోగ్లియా కణాలు మేల్కొంటాయి, రక్తంలోని తెల్లకణాలూ వచ్చి కలుస్తాయి. చచ్చిన కణాల్ని ఊడ్చేస్తాయి. ఆ ఊపులో బతకాల్సిన వాటినీ దెబ్బతీస్తాయి. మైక్రోగ్లియాను స్పెయిన్‌ శాస్త్రవేత్త రియో ఒర్తెగా విడిగా గుర్తించింది 1919లో. కదులుతున్న ట్రామ్‌ దిగబోయి తుంటి విరగ్గొట్టుకున్న విర్కో, అప్పటికి పదిహేడేళ్ల కిందటే కన్నుమూశాడు.