రెంబ్రాంటు గృహమందలి ముచ్చటలు

హాలెండు చిత్రకారుడగు రెంబ్రాంటు 1606లో లైడెను పట్టణమున జన్మించెను. ఆతని చిత్రముల ఘనత నెల్లరు నెరుగుదురు గాన మేమిచ్చట ఆతని యింటిలోనికి తొంగి చూతుము.

1639లో ఆంస్టర్డామున 13,000 గిల్డరులకు పెద్ద యిల్లు కొనెను. పైకము పూర్తిగా చెల్లింపలేదు. అయినను వేలములలో గవ్వలు, పగడములు, శిరస్త్రాణములు, పాతకాలపు దుస్తులు కనబడిన విడువడు. ఆ తలపాగలను, అంగీలను తానే ధరించి అద్దమున చూచుకొనుచు తన రూపమునే చిత్రించుకొనెడివాడు. 1650లో మచ్చల గుల్ల నొకదానిని రాగిరేకుపై చెక్కెను. అచ్చులో తారుమారగునని చూడక చెక్కుటచే గుల్లసుడి యెదురు తిరిగినది. సంతకము మాత్రము సరిగానే పడినది! మన దేశపు మొగలాయి చిత్రములకును నకళ్లు వ్రాసికొనెను. భోజనమునకు మాత్రము రొట్టె, జున్ను, లేదా ఉప్పు చేప చాలునట. పూర్వపు చరిత్రకారుల మాట యిది.

ఋణమున్నవాడు గవ్వలు కొనుట యేమి వివేకమని తలిదండ్రులు అడుగుదురు. మేమును కాదనము. కాని ఆ వస్తువులే ఆతని చిత్రములలో వెలుగుచున్నవి.

1656లో దివాలా తీసెను. అధికారుల పట్టికలో 363 పద్దులెక్కినవి. అన్నియు వేలమునకు పోయెను. 1658లో ఇల్లును పోయెను. అయినను 1669లో ఆతడు మరణించునప్పటికి చిన్న యింటి గదులలో చిత్రములు, వింతవస్తువులు మరల చేరియుండెను.