డేనియల్ ఓకానెల్ - క్లేరు కౌలుదారులు

ఐర్లండు దేశపు పడమటి తీరమున, షానన్ నది సముద్రమును కలియు చోటికి ఉత్తరముగా క్లేరు అను జిల్లా కలదు. రాతినేలలు, బురద బీళ్ళు, బంగాళాదుంపల చేలు, పూరికప్పుల యిండ్లు - నాటి క్లేరు స్వరూపమిదియే. 1801 మొదలు 1885 వరకు ఈ జిల్లా యంతయు నొక్క నియోజకవర్గమై లండను పార్లమెంటునకు ఇద్దరు సభ్యులను పంపుచుండెను. ఇట్టి మారుమూల పల్లెల నియోజకవర్గము 1828వ సంవత్సరమున బ్రిటిషు ప్రభుత్వముచే తల వంచించినది. ఆ కార్యమునకు నాయకుడు డేనియల్ ఓకానెల్. ఆయన చరిత్రము, ఆయనను గెలిపించిన కౌలుదారుల చరిత్రము వేరు చేయరానివి కావున రెండింటిని కలిపియే చెప్పుచున్నాను.

ఓకానెల్ 1775 ఆగస్టు 6వ తేదీన కెర్రీ జిల్లాలో జన్మించెను. పసితనమున నొక పల్లె కుటుంబమునందు పెరిగి, వారి ఐరిషు భాషనే నేర్చెను. పిదప సంతానహీనుడును ధనికుడునగు పెదతండ్రి మారిస్ ఆయనను చేరదీసి విద్యకై ఫ్రాన్సు దేశమునకు పంపెను. ఐర్లండులో అధిక సంఖ్యాకులు రోమన్ కథోలికులు, రాజ్యమేలువారు ప్రొటెస్టంటులు. కథోలికుల బిడ్డలకు స్వదేశమున ఉన్నత విద్య దుర్లభమైన కాలమది. ఫ్రాన్సులో విప్లవము చెలరేగుటచే 1793 జనవరిలో ఆయన ఆ దేశమును విడిచిపోవలసి వచ్చెను. అచ్చట కన్న రక్తపాతము ఆయన మనస్సున చెరగని ముద్ర వేసినది. ఏ రాజకీయ ప్రయోజనమునకైనను హింస తగదని ఆయన జీవితాంతము నమ్మెను. అట్టివాడే 1815లో ఒక ద్వంద్వయుద్ధమున డెస్టెర్ అను వానిని చంపుట విధి వైపరీత్యమే. ఆ పశ్చాత్తాపము ఆయనను కడవరకు విడువలేదు. మృతుని కుమార్తెకు ఏటేట ధనసహాయము చేయుచు వచ్చెను.

1798లో ఆయన బారిస్టరయ్యెను. కొలది యేండ్లలోనే కోర్టులలో ఆయనను మించినవాడు లేడని పేరు వచ్చినది. అయినను రాజన్యాయవాది పదవికి గాని న్యాయమూర్తి పదవికి గాని ఆయన అర్హుడు కాడు, కారణము మతమొక్కటే. పార్లమెంటు సభ్యత్వమునకును ఇదే అడ్డంకి. కథోలికుడు సభ్యుడు కారాదని చట్టములో స్పష్టముగా లేదు. కాని సభలో కూర్చుండవలెనన్నచో రాజే మతాధిపతియని ప్రమాణము చేయవలెను. తన ఆరాధన మూఢాచారమనియు విగ్రహారాధనమనియు తన నోటనే ప్రకటింపవలెను. ఆత్మగౌరవము గల కథోలికుడెవ్వడును ఆ ప్రమాణము చేయజాలడు. తలుపు తెరచియే యుంచి గడపపై ముళ్ళు పరచినట్లున్నది ఆ యేర్పాటు.

1823లో ఓకానెల్ కథోలిక సంఘమును స్థాపించెను. మరుసటి యేట ఆయన పన్నిన ఉపాయము గొప్పది. నెలకొక్క పెన్నీ యిచ్చిన పేదవాడును సంఘములో చేరవచ్చునని ప్రకటించి, ఆ చందాను చర్చి వాకిళ్ళయందు వసూలు చేయించెను. మన యూళ్ళలో మఠమునకు ఇంటింట పిడికెడు బియ్యము తీయుట వంటిదే యిది. పిడికెడు చిన్నదే; కాని ఇచ్చినవాడు మఠము తనదనుకొనును. అట్లే పెన్నీ యిచ్చిన కూలివాడు ఉద్యమము తనదనుకొనెను.

ఇచట నాటి ఓటు హక్కును గూర్చి కొంత చెప్పవలెను. 1793 నుండి కథోలికులకు ఓటు కలదు. శిస్తు పోను ఏటికి 40 షిల్లింగుల విలువ గల భూమిని జీవితకాలపు కౌలుకు పొందినవాడు జిల్లా ఎన్నికలలో ఓటరగును. భూస్వాములు తమ బలము పెంచుకొనుటకై ఇట్టి చిన్న కౌళ్ళను వేలకొలదిగ సృష్టించిరి. నాడు రహస్య బ్యాలెట్టు లేదు. కౌలుదారుడు అధికారి యెదుట నిలిచి అభ్యర్థి పేరు బిగ్గరగా చెప్పవలెను; దొర వినుచుండును. శిస్తు బకాయి లేని కౌలుదారులు అరుదు. దొర కోపించినచో కాపురము వీధిపాలే. మా విద్యార్థులకు ఈ పాఠము చెప్పినపుడెల్ల, అట్టి ఓటు ఉండిననేమి, లేకుండిననేమి యని ఎవరో ఒకరు అడుగుచుందురు. 1826లో వాటర్‌ఫర్డు జిల్లా కౌలుదారులు భూస్వామి నెదిరించి ఓటు వేసి ఆ ప్రశ్నకు మొదటి సమాధానమిచ్చిరి. క్లేరువారు ఇచ్చినది రెండవది, మరింత గట్టిది.

1828లో క్లేరు సభ్యుడైన వెసీ ఫిట్జెరాల్డ్ వాణిజ్య మండలి అధ్యక్షుడుగా నియమింపబడెను. మంత్రి పదవి స్వీకరించినవాడు మరల ఎన్నిక కావలెనని నాటి నియమము. ఆయన దుష్టుడు కాడు. కథోలికుల హక్కులను సమర్థించినవాడే, జిల్లాలో మంచి పేరు గలవాడే. కాని వెల్లింగ్టన్ మంత్రివర్గమున చేరిన వారినందరిని ప్రతిఘటింపవలెనని సంఘము తీర్మానించియుండెను. మొదట మెక్‌నమారా అను ప్రొటెస్టంటు పెద్దమనిషిని నిలువుమని కోరగా ఆయన అంగీకరింపలేదు. అప్పుడు ఓకానెల్ తానే బరిలో దిగెను. గెలిచినను సభలో కూర్చుండుటకు వీలులేని వాడు అభ్యర్థియగుట ఎంత వింత!

జూలై నెలలో జిల్లా ముఖ్యపట్టణమైన ఎన్నిస్‌లో అయిదు దినములు ఓటింగు జరిగినది. వేలకొలది జనము వచ్చి చేరిరి. మతగురువులు తమ తమ పల్లెల వారిని వెంటబెట్టుకొని వచ్చిరి. ఎన్నికలనగా సారాయి, కొట్లాట అను ఆ దినములలో కౌలుదారులు మద్యము ముట్టక క్రమముగా మెలగుటయే అధికారులను మిక్కిలి భయపెట్టినదట. కొందరు భూస్వాములు తామే ముందు నడచి కౌలుదారులను తెచ్చిరి. వారు దొర ముఖము చూచుచునే ఓకానెల్ పేరు చెప్పిరి. ఓకానెల్‌కు 2,057, ఫిట్జెరాల్డ్‌కు 982 ఓట్లు వచ్చినవి.

ప్రధానియైన వెల్లింగ్టను, హోంమంత్రియైన పీలు ఇద్దరును అంతవరకు కథోలికుల హక్కులకు విరోధులే. క్లేరులో జరిగినది ఐర్లండంతట జరిగినచో దేశము చేయిజారునని వారు గ్రహించిరి. ఇష్టము లేని రాజును ఒప్పించి 1829 ఏప్రిల్ 13న కథోలిక విమోచన చట్టమును అమలులోనికి తెచ్చిరి. అయితే ముందు గెలిచిన ఓకానెల్‌కు అది వర్తింపదనిరి. మే 15న ఆయన సభకు వెళ్ళి పాత ప్రమాణమును నిరాకరించి వెలుపలికి వచ్చెను. జూలైలో క్లేరువారు పోటీ లేకుండనే ఆయనను మరల పంపిరి.

కాని అప్పటికి ఆ ఓటర్లలో అధికులు ఓటర్లు కారు. విమోచన చట్టముతోపాటే మరియొక చట్టము వచ్చినది. 40 షిల్లింగుల అర్హత 10 పౌనులకు పెంచబడెను. ఐర్లండు జిల్లాలలో రెండు లక్షలకు మించియున్న ఓటర్లు నలువది వేలకు లోపైరి. దొరలను ధిక్కరించి గెలిచిన కౌలుదారునికి లభించిన బహుమానమిది. బారిస్టర్లకు పదవుల దారి తెరచుకొన్నది. వారిని మోసిన భుజములకు ఉన్న ఒక్క హక్కును పోయినది. ఓటే లేని కౌలుదారుని ఉంచుకొనవలసిన పని దొరకును లేకపోయెను.

ఓకానెల్ దీనిని ఖండించెను, ఖండించుటతో సరిపెట్టెను. 1825లోనే ఇట్టి బేరమునకు ఆయన ఒకసారి సమ్మతించియుండెను. నాటి బిల్లు ప్రభువుల సభలో వీగిపోయినది. తరువాత కౌలుదారుల ధైర్యమును చూచి తన పొరపాటు తెలిసికొనెను. తెలిసికొన్నవాడు 1829లో వారి కొరకు గట్టిగా నిలువవలసినది. మహాపురుషుల చరిత్రములలో ఇట్టి భాగములను దాచుట కొందరి అలవాటు. అది పాఠకులకు న్యాయము కాదు. 1830లో ఆయన క్లేరును విడిచి వాటర్‌ఫర్డు సభ్యుడయ్యెను.

తరువాతి కథ క్లుప్తముగా చెప్పుదును. 1841లో డబ్లిన్ నగరాధ్యక్షుడయ్యెను. బానిసత్వమును తీవ్రముగా ఖండించెను. ఇంగ్లండుతోడి విలీనమును రద్దు చేయించుటకై 1843లో లక్షలాది జనులతో సభలు జరిపెను. అక్టోబరులో క్లాంటార్ఫ్ సభను ప్రభుత్వము నిషేధింపగా, రక్తము చిందునని వెరచి తానే సభను మాన్పించెను. అయినను 1844లో చెరసాల తప్పలేదు. 1845 మొదలు బంగాళాదుంప పంటకు తెగులు సోకి ఘోరమైన క్షామము వచ్చినది. క్లేరు పల్లెలు అనేకము పాడుపడెను. క్షీణించిన ఆరోగ్యముతో 1847 ఫిబ్రవరిలో ఆయన పార్లమెంటున తన ప్రజలను కాపాడుమని వేడెను. ఆ హీనస్వరము చాలమందికి వినబడనేలేదు. రోము యాత్రకు బయలుదేరి మే 15న జెనోవాలో మరణించెను. కోరిక ప్రకారము హృదయమును రోమునకు, దేహమును డబ్లినుకు చేర్చిరి.

ఎన్నిస్ పట్టణ మధ్యమున, పూర్వపు న్యాయస్థానమున్న చోట, ఎత్తైన స్తంభముపై ఆయన విగ్రహము నేటికిని కలదు. రహస్య బ్యాలెట్టు 1872లో వచ్చినది. 1884 చట్టముచే పల్లెలలోని సామాన్య గృహస్థులకు ఓటు లభించినది. ఆ కౌలుదారుల మనుమలు ఓటు వేయుటకు బయలుదేరిన 1885లో క్లేరు నియోజకవర్గము లేదు. దానిని తూర్పు క్లేరు, పడమటి క్లేరు అని రెండుగా విభజించియుండిరి.