కాకినాడకు చేరిన హాల్డేన్

తాతల నాడు బొగ్గుబాయి పనికని చంద్రపూర్ వచ్చి స్థిరపడిన మన ఇళ్లలో జె.బి.ఎస్. హాల్డేన్ పేరు ఎక్కువమంది విని ఉండరు. గనిలో విషవాయువును ముందే పసిగట్టడానికి పంజరంలో చిన్న పిట్టను తీసుకెళ్లమని సూచించింది ఆయన తండ్రి. 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన ఈ కొడుకును ఆ తండ్రి చిన్నప్పుడే గనుల్లోకి వెంట తీసుకెళ్లేవాడు. ఒకసారి మీథేన్ చేరిన చోట నిలబెట్టి, షేక్స్‌పియర్ నాటకంలోని ఉపన్యాసం అప్పజెప్పమన్నాడు. కుర్రవాడు కొంత చెప్పి తూలి పడిపోయాడు. నేల మీద పడ్డాక ఊపిరి బాగానే ఆడింది. మీథేన్ గాలికన్నా తేలిక, పైకప్పు దగ్గర చేరుతుందన్న పాఠం అలా ఒంటికి పట్టింది. ఈ రోజుల్లో ఏ తండ్రీ అలా నేర్పడనుకోండి.

పెద్దయ్యాక హాల్డేన్ లెక్కలతో వంశపారంపర్యాన్ని చదివాడు. 1937లో జూలియా బెల్‌తో కలిసి, రక్తం గడ్డకట్టని హిమోఫీలియా, రంగులు గుర్తించలేని లోపం కొన్ని కుటుంబాల్లో జంటగా దిగివస్తున్నాయని చూపించాడు. రెండు లక్షణాలు కలిసి నడుస్తుంటే వాటి జన్యువులు ఒకే క్రోమోజోమ్‌పై ఇరుగుపొరుగున ఉన్నట్టు లెక్క. కంటికి కనబడని జన్యువు ఉండే చోటును దాని పొరుగును బట్టి పట్టుకోవచ్చన్నమాట.

రొమ్ము క్యాన్సర్ విషయంలో పనికొచ్చిన దారి కూడా ఇదే. తరతరాలుగా ఆ జబ్బు వస్తున్న కుటుంబాలను ఇలాగే పరిశీలించి, 1990లో అమెరికాలో మేరీ-క్లెయిర్ కింగ్ బృందం 17వ క్రోమోజోమ్‌పై ఒక జన్యువు జాడ కనిపెట్టింది. అదే బీఆర్‌సీఏ-1. 1994లో ఆ జన్యువు చేతికి చిక్కింది. ఇప్పుడు రక్త నమూనాతో దాన్ని పరీక్షిస్తున్నారు. రొమ్ము క్యాన్సర్లలో ఇలా వంశంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. పరీక్ష ముందుగా జబ్బు వచ్చినవారికి చేస్తే ఫలితం బాగా అర్థమవుతుంది. ఆ తర్వాతే అక్కచెల్లెళ్లకూ, అన్నదమ్ములకూ, పిల్లలకూ.

1957లో హాల్డేన్ లండన్ కొలువు వదిలి కలకత్తా వచ్చేశాడు. కుర్తా పైజామా తొడిగి, 1961లో భారత పౌరుడయ్యాడు. తెలుగువారైన ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణ, పి. మీరాఖాన్ కలిసి ఆంధ్రలో మేనరికాలను లెక్కించి, 1963లో ఫలితాలు అచ్చువేశారు. మన ఇళ్ల చుట్టరికాలు జన్యుశాస్త్రానికి పాఠ్యాంశమయ్యాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బీఆర్‌సీఏ మార్పు మేనరికం వల్ల పుట్టదు. అమ్మ నుంచైనా నాన్న నుంచైనా ఒక్క మారిన ప్రతి వస్తే చాలు, ముప్పు పెరుగుతుంది. ప్రతి బిడ్డకూ అది దిగే అవకాశం సగం. అయినా డాక్టరు కుటుంబంలో ఎవరికైనా వచ్చిందా అని అడిగితే, మనవాళ్లు అమ్మమ్మ, పెద్దమ్మ, పిన్ని వరకు చెప్పి ఊరుకుంటారు. నాయనమ్మ, మేనత్త లెక్కలోకి రారు. మేనరికం చేసుకున్న ఇంట్లో అత్తగారే మేనత్త. ఆవిడకొచ్చిన రొమ్ము క్యాన్సర్ కోడలికి అత్తింటి సంగతి మాత్రమే కాదు, రక్తసంబంధం కూడా. పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని ఆ పేరే ఎత్తని ఇళ్లు మనకు తెలుసు. ఆ మౌనానికి మూల్యం చెల్లించేది ఆ ఇంటి ఆడపిల్లలే. ముంబై టాటా మెమోరియల్ వారి ఖార్ఘర్ కేంద్రంలో క్యాన్సర్ జన్యు విభాగం ఉంది. అలాంటి చోటికి వెళ్లేటప్పుడు రెండు వైపుల మూడు తరాల పేర్లు, ఏ వయసులో ఏ జబ్బు వచ్చిందో కాగితం మీద రాసుకెళ్లాలి.

హాల్డేన్ మాత్రం దాచలేదు. మలాశయ క్యాన్సర్ బయటపడి లండన్‌లో ఆపరేషన్ అయ్యాక, దానిమీదే నవ్వించే కవిత రాసి పత్రికలో వేయించాడు. అనుమానం రాగానే డాక్టరు దగ్గరికి పొండి అన్నదే అందులోని సారం. అప్పట్లో జనం ఆ జబ్బు పేరు గట్టిగా పలకడానికే జంకేవారు. జబ్బు తిరగబెట్టి 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. దేహాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఇవ్వమని ముందే రాసిపెట్టాడు. అది కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది.