ఎలిజబెతు ఫ్రై దొరసానిగారు – ఖైదీల బొంత

చదువవలసిన భాగము: మత్తయి 25:31–46

ఫ్రై దొరసానిగారు 1780లో ఇంగ్లాండునందలి నార్విచ్ పట్టణమున జన్మించిరి. క్వేకరు సంఘస్థురాలు. 1813లో లండనులోని న్యూగేటు చెరసాలకు వెళ్లి, బిడ్డలతోకూడ కిక్కిరిసియున్న ఖైదీ స్త్రీలను చూచిరి. 1817 మొదలు వారికి వేదవాక్యము చదివి వినిపించుచు, కుట్టుపని నేర్పించిరి.

ఏ కుట్టు నేర్పవలెను? గుడ్డముక్కల బొంతనే ఎన్నుకొనిరి. ముక్కలను వర్తకులు ఊరకనే ఇచ్చిరి. పని ఒడిలో పట్టును, త్వరగా ముగియదు. ఏ పనియు లేక పోట్లాటకు లేచు చేతులకు ఈ ఆలస్యమే మేలు. ఓడలలో దూరదేశమునకు పంపబడు స్త్రీలకును ఆమె సంఘమువారు బైబిలుతో పాటు ముక్కల మూట ఇచ్చుచుండిరి.

1841 ఏప్రిలులో రాజా అను ఓడ 180 మంది ఖైదీ స్త్రీలతో నేటి టాస్మేనియాకు బయలుదేరెను. మూడున్నర నెలల ప్రయాణములో వారిలో కొందరు 2,815 ముక్కలతో ఒక బొంత కుట్టిరి. మధ్యను తెల్లగుడ్డ, దానిమీద పూలగుడ్డలనుండి కత్తిరించి అతికిన పక్షులు, పువ్వులు, చుట్టును వరుసవరుసలుగా చిన్నముక్కలు. కుట్టు ఒకచోట నేర్పుగాను, ఒకచోట మొరటుగాను ఉన్నది. గుడ్డలిచ్చిన దొరసానులకు కృతజ్ఞత తెలుపు మాటలను దారముతో కుట్టిరి.

ఫ్రై దొరసానిగారు 1845లో ప్రభువునందు నిద్రించిరి. ఆ బొంత ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని జాతీయ చిత్రశాలలో ఉన్నది. కుట్టినవారి పేర్లు దానిమీద లేవు.