మల్లెపూదండ అల్లిన ఇన్‌స్పెక్టరు

‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’ మన బడుల్లో పిల్లలందరికీ నోటికొచ్చు. రాసిందెవరని అడిగితే మాత్రం పెద్దలే తడుముకుంటారు. ఆయన శంకరంబాడి సుందరాచారి, 1914లో తిరుపతిలో పుట్టారు. చిన్నతనంలో తండ్రి మందలిస్తే జంధ్యం తెంచేసి ఇల్లు విడిచారట. హోటల్లో సర్వరుగా చేశారు, ఆంధ్రపత్రికలో ప్రూఫులు దిద్దారు, పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా తిరిగారు. ఎక్కడా కుదురుగా నిలవలేదు.

1942లో చిత్తూరు నాగయ్య నటించిన ‘దీనబంధు’ సినిమా కోసం ఈ పాట రాశారు. సినిమాలో దానికి చోటు దక్కలేదు. తర్వాత గ్రామఫోను కంపెనీ టంగుటూరి సూర్యకుమారి చేత పాడించి రికార్డు తెచ్చింది. అది ఊరూరా మోగింది. కవికి ముట్టింది మాత్రం నూట పదహారు రూపాయలేనని చెబుతారు. ఒక్క గొంతు పాడిన పాటను తర్వాత బడులన్నీ బృందగానం చేసుకున్నాయి.

పాట పుట్టేనాటికి ఆంధ్ర రాష్ట్రమే లేదు, మన బీదరు నిజాం ఏలుబడిలో ఉంది. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు జహీరాబాదు అటు, మన్నళ్ళి ఇటు పడ్డాయి. పాటలో తలచుకున్న కృష్ణరాయల హంపి కూడా ఇటే ఉంది. పాట నేర్పేటప్పుడు టీచర్లు ఈ సంగతి చెప్పి చూడండి, పిల్లల ముఖాలు వెలుగుతాయి.

1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. ఈ పాట ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమైంది. రాసినాయన చివరి రోజులు లేమిలోనే గడిచాయి. 1977 ఏప్రిల్ 8న కన్నుమూశారు.