పద్యమును ఇంటింటికి చేర్చిన ఘంటసాల

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లా చౌటపల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి సూర్యనారాయణగారు భజనపరులు, మృదంగము వాయించుటయందు నేర్పరులు. కుమారుడు సంగీతవిద్వాంసుడు కావలెనని కోరుచునే, వారు అతని బాల్యముననే పరలోకగతులైరి.

ఆ కోరిక నెరవేర్చుటకై బాలుడు విజయనగరము చేరెను. చేతిలో ధనము లేదు. పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి విద్య గరపిరి. ఆకలి తీరుటకు జోలె భుజమున వేసికొని ఇంటింట మధూకరమెత్తవలసివచ్చెను. ఆ ఊరి గృహిణులు పెట్టిన అన్నముతోనే ఆ గాత్రము పెరిగెను. 1942 నాటి క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని వారు కారాగారవాసము గూడ అనుభవించిరి.

పిదప సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహమున మద్రాసు చేరిరి. 1945లో 'స్వర్గసీమ' చిత్రమున పాడిరి. 1949లో 'మనదేశం', 1951లో 'పాతాళభైరవి' వారి సంగీతముతో వెలువడినవి. 1957 నాటి 'మాయాబజార్'లో నాలుగు పాటలకు వరుసలు కట్టి సాలూరి రాజేశ్వరరావుగారు తప్పుకొనగా, తక్కిన భారము ఘంటసాలవారిపై బడెను. తోటివాని వరుసలను త్రోసిపుచ్చక, వానికి తగినట్లే మిగిలినవి కూర్చిరి. వినువారికి అతుకు కానరాదు. 1963లో 'లవకుశ'కు గూడ సంగీతము వారిదే.

అన్నిటికన్న మిన్నయైనది వారు పద్యమునకు చేసిన సేవ. మైకు లేని కాలమున నాటకములందు కడపటి వరుసకు వినబడుటకై నటులు హెచ్చు శ్రుతిలో పాడుచుండిరి. దీర్ఘమైన రాగాలాపనలో మాట మరుగుపడుచుండెను. ఘంటసాలవారు రాగమును భావమునకు తగినంతకే పరిమితముచేసి, పదమును విరువవలసినచోట విరిచి, అర్థము చెవికి తోచునట్లు పాడిరి. కరుణశ్రీ 'పుష్పవిలాపము' వారి గళమున గ్రామఫోను రికార్డులకెక్కి పల్లెపల్లెకు పాకెను. అక్షరము రాని రైతుకూలీలు సైతము పద్యమును కంఠస్థము చేసిరి.

1970లో పద్మశ్రీ బిరుదము లభించెను. కడపటి దినములలో అనారోగ్యమునకు లొంగక భగవద్గీతను తెలుగు తాత్పర్యముతో పాడిరి. ఆ రికార్డు వెలువడులోగా, 1974 ఫిబ్రవరి 11వ తేదీన మద్రాసున కీర్తిశేషులైరి.

ఒకనాడు ఇంటింట భిక్ష గొన్న విద్యార్థి, అదే విద్యను తెలుగువారి ఇంటింట పంచి ఋణము తీర్చుకొనెను. గ్రంథాలయమున పద్యకావ్యమును తొలిసారి విప్పిన పల్లెటూరి పాఠకునకు ఛందస్సు రాకపోవచ్చును. ఐనను ఎచ్చట ఆగవలెనో, ఎచ్చట సాగవలెనో అతని చెవి ముందే యెరుగును. ఆ నేర్పు అతనికి ఘంటసాలవారిచ్చినదే.