కలియుగ భీముడూ ఒకనాడు డ్రిల్లు మాస్టారే

రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు పేరు వినని వారు మన పల్లెల్లో అరుదు. అయితే ఆయన సర్కసు డేరా ఎత్తక ముందు బడిపిల్లల చేత కసరత్తు చేయించిన ఉపాధ్యాయుడన్న సంగతి చాలామందికి తెలియదు.

ఆయన 1882లో వీరఘట్టంలో జన్మించారు. నిన్నమొన్నటి వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. చిన్నతనంలోనే తల్లి పోయింది. తండ్రి వెంకన్న నాయుడు పిల్లవాడిని విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేస్తున్న తమ్ముడు నారాయణస్వామి వద్దకు పంపారు. ఆ ఊరి వ్యాయామశాలే రామ్మూర్తి జీవితాన్ని మలుపు తిప్పింది. దండేలు, బస్కీలు, కుస్తీలతో శరీరం రాటుదేలింది.

తనకు బలం వచ్చింది, చాలునని ఆయన ఊరుకోలేదు. మద్రాసు వెళ్ళి సైదాపేటలో ఒక ఏడాది వ్యాయామ శిక్షణ పొంది, యోగ్యతా పత్రంతో తిరిగి వచ్చి, విజయనగరం హైస్కూలులో వ్యాయామోపాధ్యాయుడుగా చేరారు. వ్యాయామోపాధ్యాయులను తయారు చేయడానికి మద్రాసులో వై.ఎం.సి.ఎ. కళాశాల వెలసింది 1920లో. అంతకు ఎన్నో ఏళ్ల ముందే మన ప్రాంతపు యువకుడొకడు ఈ విద్య కోసం అంత దూరం వెళ్ళాడన్న మాట.

తాను బలవంతుడు కావడం వేరు, తరగతి పిల్లలందరినీ మైదానంలోకి దించడం వేరు. ఆటగాడు పిలవకుండానే వస్తాడు. బక్కపిల్లవాడు, బిడియపడే పిల్ల గోడ పక్కనే నిలబడతారు. వాళ్ళను గద్దించకుండా, తోటివారి నవ్వులపాలు చేయకుండా, ఈరోజు రెండు బస్కీలు, రేపు మూడు అని ముందుకు నడిపించడమే డ్రిల్లు మాస్టారి అసలు విద్య. అది కండబలంతో వచ్చేది కాదు, శిక్షణతో రావలసిందే.

తర్వాత మిత్రుల ప్రోత్సాహంతో, విజయనగరం రాజుల సహకారంతో ఆయన సర్కసు సంస్థ స్థాపించారు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులను ఊపిరి బిగబట్టి తెంచేవారు. బయలుదేరిన మోటారు కార్లను కదలకుండా పట్టి నిలిపేవారు. ఈ బలానికి మూలం మంత్రం కాదు, మాయ కాదు. ఏళ్ల తరబడి మానకుండా చేసిన సాధన, ప్రాణాయామం. ఆయన శాకాహారి. మాంసం తింటేనే బలం అనుకునే వారికి ఆయన శరీరమే జవాబు.

దేశమంతా తిరిగారు. ఇంగ్లండు వెళ్ళి అయిదో జార్జి చక్రవర్తి ఎదుట ప్రదర్శన ఇచ్చారు. ఇండియన్ హెర్క్యులిస్, కలియుగ భీముడు అన్న బిరుదులు ఆయనకు దక్కాయి. సంపాదించిన ధనంలో చాలా భాగం దానధర్మాలకు, జాతీయోద్యమానికి ఇచ్చేశారు.

చివరి రోజులు మాత్రం బాధతో గడిచాయి. కాలి మీద లేచిన పుండు ముదిరి కాలు తీసివేయవలసి వచ్చింది. ఏనుగును మోసిన మనిషి ఒంటికాలితో మిగిలారు. 1942 జనవరిలో ఒడిశాలో కన్నుమూశారు. శ్రీకాకుళంలో స్టేడియం, విశాఖ సముద్ర తీరాన విగ్రహం ఆయన పేరు నిలుపుతున్నాయి.

అయితే విగ్రహానికి దండ వేసినంత మాత్రాన పిల్లలకు ఆరోగ్యం రాదు. 5 నుంచి 17 ఏళ్ల వారు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పరీక్షలు దగ్గర పడ్డాయని ఆటల పీరియడును లెక్కలకు ఇచ్చేస్తే ఈ 60 నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి? పిల్లలు ఏనుగులను మోయనక్కరలేదు, గొలుసులు తెంచనక్కరలేదు. అలాంటి వాటిని అనుకరించడం ప్రమాదం కూడా. పరుగు, కబడ్డీ, దండేలు, బస్కీలు చాలు.

మీ ఊరి బడిలో ఆటస్థలం ఉన్నదా, ఆటల పీరియడు ఆటలకే జరుగుతున్నదా, శిక్షణ పొందిన వ్యాయామోపాధ్యాయుడు ఉన్నాడా? తల్లిదండ్రులు ఈ మూడు ప్రశ్నలు అడగాలి. రామ్మూర్తి నాయుడు మన గడ్డ మీద పుట్టాడని చెప్పుకునే వారికి ఆ హక్కూ ఉంది, బాధ్యతా ఉంది.